ఆంటాలజీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: వేరుశనగ పంట ఉదాహరణలతో

కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, వ్యవసాయ డేటాతోనో వైద్య డేటాతోనో పనిచేసే ప్రోగ్రామర్లు ఆంటాలజీల గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటికి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఉదాహరణలు ఎక్కువగా వేరుశనగ నుంచి తీసుకున్నాను. అది మనందరికీ తెలిసిన పంట, పైగా దాని మీద పరిశోధకులు నిజంగా వాడుతున్న ఆంటాలజీ ఒకటి ఉంది.

## మొదలుపెట్టక ముందు

ఆంటాలజీ అంటే ఏంటి? రెండు ముక్కల్లో చెప్పండి.

ఒక రంగంలో ఎలాంటి విషయాలు ఉంటాయి, వాటి మధ్య సంబంధాలేమిటి, వాటికి వర్తించే నియమాలేమిటి అన్నది కంప్యూటర్ తర్కించగలిగే భాషలో రాసిపెడితే అదే ఆంటాలజీ. "ప్రతి తెగులుకూ ఒక కారకం ఉంటుంది", "వైరస్ ఏదీ ఫంగస్ కాదు", "వేరుశనగ నూనెగింజల పంట, చిక్కుడు కుటుంబపు మొక్క కూడా" లాంటి వాక్యాలు అందులో ఉంటాయి. 1993లో టామ్ గ్రూబర్ ఇచ్చిన నిర్వచనాన్నే ఇప్పటికీ ఎక్కువమంది వాడతారు. ఒక రంగాన్ని మనం ఏ భావనలతో చూస్తున్నామో దాన్ని స్పష్టంగా నిర్దేశించి చెప్పడమే ఆంటాలజీ అన్నది దాని సారం. ఇందులో బరువంతా "స్పష్టంగా" అన్న మాట మీదే ఉంది. నిపుణుల మనసులో ఉండి ఎక్కడా రాయని సంగతులను బయటికి తేవడమే ఈ పనిలో ముఖ్యం.

ఎక్సెల్‌లో కాలమ్‌కి మంచి పేరు పెడితే చాలదా? ఇంత తతంగం ఎందుకు?

రెండు పరిశోధన కేంద్రాలు వేరుశనగ మీద ప్రయోగాలు చేసి, రెండూ తమ ఫైల్లో "దిగుబడి" అనే కాలమ్ పెట్టాయనుకోండి. ఒకరు రాసింది కాయల బరువు, ఇంకొకరు రాసింది ఒలిచిన గింజల బరువు. కాయలు ఒలిస్తే గింజ సుమారు 70 శాతమే వస్తుంది. రెండు ఫైళ్లూ కలిపి సగటు తీస్తే ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పవుతుంది. కాయలు ఎండబెట్టాక తూచారా, పచ్చిగా ఉండగానే తూచారా అన్నది ఇంకో ప్రశ్న. హెక్టారుకు కిలోలా, ఒక్కో మొక్కకు గ్రాములా అన్నది మరొకటి.

అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థల కూటమి సీజీఐఏఆర్ ఆధ్వర్యంలో తయారైన క్రాప్ ఆంటాలజీ సరిగ్గా ఈ చిక్కు కోసమే పుట్టింది. అందులో కొలిచే ప్రతి అంశానికీ మూడు భాగాలుంటాయి: ఏ లక్షణాన్ని కొలిచారు, ఏ పద్ధతిలో కొలిచారు, ఏ ప్రమాణంలో రాశారు. మూడింటిలో ఏ ఒక్కటి మారినా అది వేరే అంశమే, దానికి వేరే గుర్తింపు సంఖ్య. వేరుశనగ, కంది, శనగ, జొన్న పంటల భాగాల్లో మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల కృషి ఉంది. కాలమ్‌కి ఎంత మంచి పేరు పెట్టినా ఈ తేడాలు అందులో ఇమడవు.

ఇది కొత్త టెక్నాలజీయా?

కాదు. 1984లోనే డగ్ లెనాట్ అమెరికాలో సైక్ ప్రాజెక్టు మొదలుపెట్టి, మనుషుల ఇంగితజ్ఞానాన్ని మొత్తం తర్కవాక్యాలుగా రాయాలని చూశాడు. 1998లో ఈగ, ఎలుక, ఈస్ట్ జన్యువుల డేటాబేస్‌లు నడిపేవాళ్లు కలిసి జీన్ ఆంటాలజీ ప్రారంభించారు. వెబ్ కోసం రూపొందించిన ఆంటాలజీ భాష ఔల్‌ను వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూత్రీసీ 2004లో ప్రమాణంగా ప్రకటించింది, 2009లో ఔల్ 2 వచ్చింది. సైక్ అన్నీ చెప్పాలనుకుంది. జీన్ ఆంటాలజీ ఒక్క రంగానికే కట్టుబడి, ఆ రంగంలో రోజూ పనికొచ్చేదైంది. కొత్తవాళ్లు రెండో దారిలో వెళ్లాలనే నేను గట్టిగా చెబుతాను.

డేటాబేస్ స్కీమాకీ దీనికీ తేడా ఏంటి? జావా క్లాసుల్లాగే ఉంది కదా?

చూపుకి అలాగే ఉంటుంది, ఉద్దేశం వేరు. స్కీమా ఒక అప్లికేషన్‌లో డేటా ఎలా దాచాలో చెబుతుంది, ఆ చట్రంలో పట్టని డేటాను తిప్పికొడుతుంది. ఆంటాలజీ ఒక రంగంలో ఏది నిజమో చెబుతుంది, అందులోంచి కొత్త నిజాలు రాబట్టనిస్తుంది. జావాలో ఒక వస్తువు ఏ క్లాస్‌కి చెందుతుందో దాన్ని సృష్టించేటప్పుడే మీరు చెప్పాలి. ఔల్‌లో దాని లక్షణాలు చెబితే చాలు, ఏయే క్లాసుల్లోకి వస్తుందో రీజనర్ (ఆంటాలజీ మీద తర్కం నడిపే ప్రోగ్రామ్) తేలుస్తుంది. మెథడ్లు ఉండవు. ఒక క్లాస్‌కి ఎన్ని పైక్లాసులున్నా ఇబ్బంది లేదు.

టాక్సానమీ, థిసారస్, నాలెడ్జ్ గ్రాఫ్ అన్నీ ఆంటాలజీలేనా?

టాక్సానమీలో "ఇది దానిలో ఒక రకం" అనే వరస మాత్రమే ఉంటుంది. థిసారస్‌లో పర్యాయపదాలు, విస్తృత పదాలు, సంబంధిత పదాలు చేరతాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రోవాక్ అలాంటిదే. అందులో ఉన్న అనేక భాషల్లో తెలుగు ఒకటి. నాలెడ్జ్ గ్రాఫ్ అంటే అసలు వాస్తవాల రాశి: ఫలానా నగరం ఫలానా రాష్ట్రంలో ఉంది, ఫలానా మనిషి ఫలానా ఏడాది పుట్టాడు లాంటివి. గూగుల్ 2012లో తన నాలెడ్జ్ గ్రాఫ్‌ను ప్రకటించాక ఈ మాట జనంలోకి వచ్చింది. ఆ వాస్తవాల్లో వాడే "నగరం", "రాష్ట్రం" అంటే ఏమిటో, వాటి నియమాలేమిటో చెప్పేది ఆంటాలజీ. వికీడేటాలో ఈ రెండూ కలిసే ఉంటాయి. పీ31 అనే సంబంధం "ఇది ఫలానా క్లాస్‌కి ఒక ఉదాహరణ" అంటుంది, పీ279 "ఈ క్లాస్ ఫలానా క్లాస్‌లో ఒక రకం" అంటుంది.

చాట్‌బాట్‌లు అన్నీ చెప్పేస్తున్నాయి కదా, ఇంకా ఇవి దేనికి?

చాట్‌బాట్ ఇచ్చే జవాబు ఏ వాస్తవాల మీద ఆధారపడిందో వెనక్కి వెళ్లి పరీక్షించడం కష్టం. ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు జవాబులు రావొచ్చు. ఆంటాలజీతో వచ్చిన జవాబుకు ప్రతి మెట్టూ చూపించవచ్చు. రోగికి ఇచ్చే మందు విషయంలో, విత్తన పరీక్షల ఫలితాల విషయంలో ఆ తేడా చిన్నది కాదు. అలాగని భాషా నమూనాలను దూరం పెట్టనక్కర్లేదు. పరిశోధన పత్రాల నుంచి పదాలు ఏరడానికి, నిర్వచనాల మొదటి ముసాయిదా రాయడానికి అవి బాగా పనికొస్తాయి. ఆ ముసాయిదాను రంగం తెలిసిన మనిషి చదివి ఒప్పుకున్నాకే ఆంటాలజీలో చేర్చాలి.

## మొదటి ఆంటాలజీ రాస్తున్నప్పుడు

ప్రొటెజె (ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్) ఓపెన్ చేసి కూర్చున్నా, ఏం తోచట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రొటెజె మూసేసి కాగితం తీసుకోండి. మీ ఆంటాలజీ జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు మామూలు భాషలో రాయండి. టొరంటో విశ్వవిద్యాలయంలో గ్రునింగర్, ఫాక్స్ 1990లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు, వీటిని సామర్థ్య ప్రశ్నలు అంటారు. ఉదాహరణకు: "తామర పురుగుల వల్ల వ్యాపించే వేరుశనగ తెగుళ్లు ఏవి?", "ఈ రకం ఏ తెగులును తట్టుకుంటుంది?", "కాయ దిగుబడి కొలిచిన ప్రయోగాలు ఏవి?"

ఇప్పుడు ఆ ప్రశ్నల్లోని నామవాచకాలు చూడండి: తెగులు, పురుగు, రకం, ప్రయోగం. అవి మీ క్లాసులు. వ్యాపించడం, తట్టుకోవడం, కొలవడం మీ సంబంధాలు. ఏ ప్రశ్నకూ అవసరం లేని క్లాస్‌ను ఎంత ముద్దొచ్చినా చేర్చకండి. చాలా ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే. "పంట" గురించి అడిగితే మొక్కల శాస్త్రం మొత్తం గీసేద్దామని కూర్చుంటారు, ఆరు నెలల తర్వాత కూడా ఒక్క ప్రశ్నకు జవాబు రాదు.

అన్నీ కొత్తగా రాయాలా, ఉన్నవి తెచ్చుకోవచ్చా?

ఉన్నవి తెచ్చుకోవడమే మంచిది. జీవశాస్త్రం, వైద్యం, వ్యవసాయంలో ఉచితంగా దొరికే ఆంటాలజీలు బోలెడు ఉన్నాయి. మొత్తం ఫైలు దిగుమతి చేసుకుంటే మీ ఆంటాలజీ మోయలేనంత బరువవుతుంది కాబట్టి మీకు కావలసిన పదాలు, వాటి పైక్లాసులు మాత్రమే తీసుకోండి. వాటి గుర్తింపు సంఖ్యలను మార్చకండి. అవి మారితే తెచ్చుకున్న ప్రయోజనమే పోతుంది.

"కదిరి 6" అన్నది క్లాసా, ఇండివిడ్యువలా? మా టీమ్‌లో గొడవ తెగట్లేదు.

కదిరి 6 ఒక వేరుశనగ రకం. క్లాస్ అంటే ఒకే తరహా వస్తువుల గుంపు, ఇండివిడ్యువల్ అంటే అందులోని ఒక్కో వస్తువు. రెండూ సరైనవే, మీ ప్రశ్నలను బట్టి తేల్చుకోండి. రకాల జాబితా తయారుచేస్తూ, ఏ రకం ఏ ఏడాది విడుదలైంది, ఏ కేంద్రం విడుదల చేసింది అని అడుగుతుంటే కదిరి 6 ఒక ఇండివిడ్యువల్. ఒక్కో మడిలోని ఒక్కో మొక్కను నమోదు చేస్తుంటే ఆ మొక్కలు ఇండివిడ్యువల్స్, కదిరి 6 వాటి క్లాస్. రెండు రకాల ప్రశ్నలూ ఉంటే ఔల్ 2లో ఒకే పేరును రెండు విధాలా వాడుకునే వీలుంది, దాన్ని పన్నింగ్ అంటారు. అయితే రీజనర్ ఆ రెండింటినీ వేర్వేరుగానే చూస్తుంది. ఒక వైపు చెప్పింది రెండో వైపుకి దానంతటదే రాదు.

కాయను మొక్క కింద పెట్టాను. తప్పంటున్నారు, ఎందుకు?

సబ్‌క్లాస్ అంటే "ప్రతి కాయా ఒక మొక్కే" అని అర్థం. కాయ మొక్కలో భాగం, మొక్కలో రకం కాదు. ఫోల్డర్లో ఫైలు పెట్టే అలవాటుతో ఒకదాని కింద ఇంకొకటి పెట్టేయడం కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువగా చేసే పొరపాటు. దాని ఫలితం ఆలస్యంగా బయటపడుతుంది. మొక్కకు వేర్లుంటాయని రాస్తే రీజనర్ కాయకు కూడా వేర్లుంటాయంటుంది. పరీక్ష తేలికే: "ప్రతి ఫలానాదీ ఒక ఫలానాదే" అని నోటితో చెప్పి చూడండి. చెవికి తప్పుగా వినిపిస్తే సబ్‌క్లాస్ కాదు. జీన్ ఆంటాలజీ కూడా "ఒక రకం", "ఒక భాగం", "నియంత్రిస్తుంది" అనే సంబంధాలను విడివిడిగా ఉంచుతుంది.

పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

నిస్సంకోచంగా పెట్టొచ్చు. ఒకే భావనకు ఎన్ని భాషల్లోనైనా, ఒక భాషలో ఎన్నైనా లేబుళ్లు ఇవ్వొచ్చు, ప్రతి లేబుల్‌కీ భాషా గుర్తు ఉంటుంది. వేరుశనగ, పల్లీలు, శెనక్కాయలు, బుడ్డలు అన్నీ ఒకే భావన మీద లేబుళ్లుగా ఉంటే రైతు ఏ జిల్లా మాటతో వెతికినా దొరుకుతుంది. గుర్తింపు మాత్రం అర్థం లేని సంఖ్యగా ఉండనివ్వండి. రేపు పేరు మార్చాల్సి వచ్చినా పాత డేటా చెదరదు.

బీఎఫ్‌ఓ లాంటి పై స్థాయి ఆంటాలజీ తప్పనిసరా?

మీ పని ఒక్క టీమ్‌కే పరిమితమైతే అక్కర్లేదు. బీఎఫ్‌ఓ (బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ) అంటే వస్తువు, ప్రక్రియ లాంటి ఏ రంగానికైనా వర్తించే సాధారణ భావనల ఆంటాలజీ. జీవ, వైద్య రంగాల్లో ఇతరుల ఆంటాలజీలతో కలపాలనుకుంటే దాన్ని తెలుసుకోండి. అది 2021లో ఐఎస్‌ఓ ప్రమాణంగా కూడా వచ్చింది.

## రీజనర్ నడిపాక

రీజనర్ అసలు ఏం చేస్తుంది?

మీరు రాసిన వాక్యాల నుంచి తప్పనిసరిగా నిజమయ్యే సంగతులను బయటికి తీస్తుంది. మూడు వాక్యాలు రాశారనుకోండి: మొవ్వకుళ్లు తెగులుకు కారకం బడ్ నెక్రోసిస్ వైరస్, ఆ వైరస్‌కు వాహకం తామర పురుగు, తామర పురుగు వాహకంగా ఉన్న వైరస్ వల్ల వచ్చే ఏ తెగులైనా "తామర పురుగు తెగులు". మొవ్వకుళ్లు తామర పురుగు తెగులు అని మీరెక్కడా రాయలేదు, రీజనర్ రాస్తుంది. మూడు వాక్యాలుంటే మనమే చెప్పగలం. మూడు వేలు ఉన్నప్పుడు, వాటిని పదిమంది రాసినప్పుడు రీజనర్ విలువ తెలుస్తుంది. హెర్మిట్, పెల్లెట్, ఈఎల్‌కే వాడుకలో ఉన్న కొన్ని రీజనర్లు.

డేటాలో లేదంటే లేనట్టే కదా! రీజనర్ ఎందుకు ఒప్పుకోదు?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, దీన్ని నిదానంగా అర్థం చేసుకుంటే మిగతా సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. రైలు రిజర్వేషన్ చార్టులో మీ పేరు లేకపోతే మీకు బెర్తు లేదు, అక్కడితో అయిపోయింది. డేటాబేస్‌లు అలా ఆలోచిస్తాయి. ఔల్ అలా ఆలోచించదు. దాని దృష్టిలో రాయనిది అబద్ధం కాదు, తెలియనిది అంతే. దీన్ని ఓపెన్ వరల్డ్ పద్ధతి అంటారు.

ఒక మడిలో తిక్క ఆకుమచ్చ తెగులు కనిపించిందని నమోదు చేశారు. అది ఫంగస్ తెగులు. "వైరస్ తెగులు సోకని మళ్లు ఏవి?" అని అడిగితే ఈ మడి జవాబులో రాదు. ఎందుకంటే వైరస్ తెగులు లేదని ఎవరూ చెప్పలేదు. బహుశా ఎవరూ చూసి ఉండకపోవచ్చు. పొలంలో నిజంగా జరిగేదీ అదే. ఆ రోజు తిరిగిన మనిషి ఆకుమచ్చ కోసమే వచ్చి ఉండొచ్చు. అసంపూర్ణ సమాచారం ఉన్న చోట ఈ పద్ధతే నిజాయితీ గలదని నా అభిప్రాయం.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పాఠాల్లో వాడే పిజ్జా ఆంటాలజీ కూడా ఈ పాఠమే చెబుతుంది. మార్గరీటా మీద చీజ్, టమాటా ఉన్నాయని మాత్రమే రాస్తే రీజనర్ దాన్ని శాకాహార పిజ్జా అనదు. మాంసం లేదని తెలియదు కదా. "ఈ రెండు తప్ప వేరే ఏవీ లేవు" అని చేర్చాలి, దాన్ని క్లోజర్ అంటారు. పైగా చీజూ టమాటా మాంసం కావని కూడా రాసి ఉండాలి. మీ మడి విషయంలో మూడు దారులున్నాయి. పరీక్ష జరిగి వైరస్ లేదని తేలితే ఆ ఫలితాన్నే రాయండి. జాబితా సంపూర్ణమైతే క్లోజర్ పెట్టండి. "మా డేటాలో నమోదు కానివి" చాలనుకుంటే స్పార్కల్ (ఇలాంటి డేటాను ప్రశ్నించే భాష) క్వెరీలో "లేనివి" అన్న షరతు వాడండి, అది ఉన్న డేటా వరకే చూస్తుంది.

డొమైన్, రేంజ్ పెట్టాను. తప్పు డేటా ఇచ్చినా ఎర్రర్ రాలేదేంటి?

సంబంధానికి ఎడమవైపు ఏ క్లాస్ వస్తుందో చెప్పేది డొమైన్, కుడివైపు ఏది వస్తుందో చెప్పేది రేంజ్. అవి కాపలా నియమాలు కావు, ఉన్న వాక్యాల నుంచి కొత్త సంగతి రాబట్టే నియమాలు. "సోకుతుంది" అనే సంబంధానికి రేంజ్ "పంట" అని పెట్టి, పొరపాటున "తిక్క తెగులు అనంతపురానికి సోకుతుంది" అని నమోదు చేస్తే రీజనర్ ఆపదు. "అయితే అనంతపురం ఒక పంట" అని తేలుస్తుంది. అనంతపురం ఒక జిల్లా అనీ, జిల్లా ఏదీ పంట కాదనీ కూడా రాసి ఉంటేనే వైరుధ్యం బయటపడుతుంది. వచ్చే డేటాను తనిఖీ చేయడమే మీ అవసరమైతే దానికి షాకల్ ఉంది, డబ్ల్యూత్రీసీ 2017లో ప్రమాణం చేసింది. తర్కానికి ఔల్, తనిఖీకి షాకల్ అని పని విడదీసుకోండి.

రెండు వేర్వేరు రకాలను ఒకటే అంటోంది. రీజనర్‌లో బగ్గా?

బగ్ కాదు. ఔల్‌లో పేర్లు వేరైనంత మాత్రాన వస్తువులు వేరు కావు. ఒక మడిలో ఒకే రకం వేస్తారని నియమం పెట్టి, అదే మడికి "కే-6" అనీ "కదిరి 6" అనీ రెండుసార్లు నమోదు చేస్తే, రెండూ ఒకటేనని రీజనర్ తేలుస్తుంది. అది నిజం కూడా. కానీ "కే-6", "టీఎంవీ-2" అని రెండు వేరు రకాలను నమోదు చేసినా అదే అంటుంది, అది తప్పు. రకాలన్నీ ఒకదానికొకటి వేరని ఒక్క వాక్యంలో ప్రకటించండి, అప్పుడు రెండో సందర్భంలో వైరుధ్యం చూపిస్తుంది.

క్లాస్ పేర్లన్నీ ఎర్రగా మారిపోయాయి. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

ఎరుపు అంటే ఆ క్లాస్‌లో ఏ వస్తువూ ఉండే వీలు లేదని. సాధారణంగా తప్పు ఒక్కటే ఉంటుంది, దాని కిందివన్నీ దానివల్ల ఎర్రబడతాయి. అందరికంటే పైనున్న ఎర్ర క్లాస్ పట్టుకుని, పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కితే ప్రొటెజె కారణమైన వాక్యాలను చూపిస్తుంది. ఎక్కువసార్లు అక్కడ రెండు వేరు క్లాసులని చెప్పి, తర్వాత ఒకదాన్ని రెండింటి కిందా పెట్టి ఉంటారు.

రీజనర్ గంటల తరబడి తిరుగుతూనే ఉంది. కంప్యూటర్ మార్చాలా?

ముందు మీరు వాడిన తర్కాన్ని చూడండి. పూర్తి ఔల్ 2 తర్కం గణనపరంగా చాలా ఖరీదైనది, ఎంత పెద్ద యంత్రమైనా కొన్నిసార్లు చాలదు. అందుకే మూడు చిన్న ప్రొఫైళ్లు, అంటే ఔల్ 2కి పరిమిత రూపాలు, ఇచ్చారు. లక్షల క్లాసులుంటే ఈఎల్, పెద్ద డేటాబేస్ మీద క్వెరీలు నడపాలంటే క్యూఎల్, నియమాల ఇంజన్‌తో నడపాలంటే ఆర్‌ఎల్. వైద్య పదాల ఆంటాలజీ స్నోమెడ్ సీటీలో 3,50,000కు పైగా భావనలున్నా, ఈఎల్ పరిధిలో ఉండటం వల్ల ఈఎల్‌కే రీజనర్ దాన్ని సెకన్లలో వర్గీకరిస్తుంది.

"సాధారణంగా" అన్న మాట ఎలా రాయాలి?

ఔల్‌లో రాయలేరు. "ఖరీఫ్ వేరుశనగ సాధారణంగా వర్షాధారం" అన్నదాన్ని "ఖరీఫ్ వేరుశనగ అంతా వర్షాధారం" అని రాస్తే, బోరు కింద వేసిన మొదటి మడితోనే వైరుధ్యం వస్తుంది. ఔల్‌లో కొత్త వాస్తవం చేరితే పాత నిర్ణయం రద్దు కాదు, మినహాయింపులకు చోటులేదు. సంభావ్యతలకూ అంతే. అలాంటి జ్ఞానాన్ని విడిగా నియమాల ఇంజన్‌లోనో గణాంక నమూనాలోనో ఉంచండి.

## వాడకంలోకి వచ్చాక

తప్పని తేలిన క్లాస్‌ను డిలీట్ చేయొచ్చా?

చేయకండి. ఎక్కడో ఎవరి డేటానో ఆ సంఖ్యను పట్టుకుని ఉంటుంది. "వాడుకలో లేదు" అని గుర్తు పెట్టి, బదులుగా ఏది వాడాలో రాయండి. జీన్ ఆంటాలజీ చేసేదీ ఇదే.

నిపుణులు ఇద్దరు ఇద్దరే, ఒక మాట మీదికి రావట్లేదు. ఎలా?

ఆ గొడవ చాలాసార్లు ఒకే పేరు కింద దాగిన రెండు భావనల వల్ల వస్తుంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తీవ్రంగా దెబ్బతీసిన కాండం కుళ్లు తెగులునే తీసుకోండి. దానికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. "వాహకం తామర పురుగు" అని ఒకరంటారు, "వయ్యారిభామ పుప్పొడి" అని మరొకరంటారు. ఇద్దరూ తప్పు చెప్పట్లేదు. వైరస్ ఆ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు దాన్ని మోసుకొచ్చి, ఆకుమీద గాట్లు పెట్టినప్పుడు లోపలికి వెళుతుంది. మొవ్వకుళ్లు తెగులులో మాత్రం వైరస్ తామర పురుగు శరీరంలోనే వృద్ధి చెందుతుంది. ఈ రెండింటినీ "వాహకం" అనే ఒక్క సంబంధంతో చెప్పబోవడమే తప్పు. "శరీరంలో వృద్ధి చేసి వ్యాపింపజేస్తుంది", "పుప్పొడి మోసి వ్యాపింపజేస్తుంది" అని రెండుగా విడదీసి, రెండింటి పైన "వ్యాప్తిలో పాత్ర ఉంది" అనే పెద్ద సంబంధం పెడితే ఇద్దరి మాటా నిలుస్తుంది. నివారణ చర్యలూ అప్పుడే సరిగ్గా వేరవుతాయి: గట్ల మీద వయ్యారిభామను పీకేయడం కాండం కుళ్లుకు పనికొచ్చే సలహా. నిపుణులను ఓటు వేయమని అడగకండి, ఉదాహరణలు అడగండి.

దీని మీద ఉద్యోగాలు ఉంటాయా?

ఉంటాయి, కానీ "ఆంటాలజిస్ట్" అన్న పేరుతో తక్కువ. ఫార్మా, ఆరోగ్య ఐటీ, సెర్చ్, వ్యవసాయ పరిశోధన కంపెనీల్లో డేటా మోడలింగ్, నాలెడ్జ్ గ్రాఫ్, టెర్మినాలజీ పేర్లతో వెతకండి. స్నోమెడ్ సీటీలో భారత్ 2014 నుంచి సభ్యదేశం, పుణేలోని ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్‌లో దానికి జాతీయ కేంద్రం ఉంది, మన దేశంలో వాడుకోవడానికి రుసుము లేదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లకు ఇదే దగ్గర దారి. ఆర్‌డీఎఫ్ (వెబ్‌లో వాస్తవాలను రాసే ప్రమాణ రూపం), స్పార్కల్, కాస్త పైథాన్, ఏదైనా ఒక రంగం లోతుగా తెలిసి ఉండటం అవసరం. బోటనీ, ఫార్మసీ, లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లకు కోడింగ్ నేర్పడం, కోడింగ్ వచ్చినవాళ్లకు ఆ రంగాలు నేర్పడం కంటే తేలికని నా అనుభవం. కాబట్టి "నాది కంప్యూటర్స్ కాదు" అని వెనకాడకండి.